పియాస్ట్రీని ఓడించిన కుర్రాడు ఎక్కడున్నాడు? 2017 బ్రిటిష్ ఫార్ములా 4 కథ

2025లో ఎఫ్1 చూసినవాళ్ళకి ఆస్కార్ పియాస్ట్రీ ఎవరో చెప్పక్కర్లేదు. మెక్‌లారెన్ ఆరెంజ్ కారు, గెలిచినా ఓడినా ఒకటే మొహం, ఆ ఒక్క సీజన్‌లోనే 7 రేసులు గెలిచాడు. సరే, ఇప్పుడు ఒక చిన్న క్విజ్. 2017లో బ్రిటిష్ ఫార్ములా 4 చాంపియన్‌షిప్‌లో ఈ పియాస్ట్రీది రెండో స్థానం. మరి ఫస్ట్ వచ్చింది ఎవరు?

ఎఫ్1 బాగా ఫాలో అయ్యే నా ఫ్రెండ్స్‌ని అడిగా. ఒక్కడు కూడా చెప్పలేదు. అతని పేరు జేమీ కారొలైన్. ఇంగ్లండ్ కుర్రాడు. ఒకే మోడల్ కారు, ఒకే ఇంజన్, ఒకే టైర్లతో ఏడాదంతా రేసులు ఆడి పియాస్ట్రీ కంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నాడు. ఆ సీజన్‌లో మూడో స్థానం లోగన్ సార్జెంట్‌ది. అతను కూడా ఎఫ్1 దాకా వెళ్ళాడు. అంటే రెండో వాడు వెళ్ళాడు, మూడో వాడు వెళ్ళాడు, ఫస్ట్ వచ్చినవాడు వెళ్ళలేదు. ఎందుకలా అన్నదే ఇవాళ్టి ఎపిసోడ్. దాని కోసం ముందు ఫార్ములా 4 ఎలా పనిచేస్తుందో తెలియాలి.

కథ 2013 దగ్గర మొదలవుతుంది. అప్పటికి యూరప్‌లో చిన్న స్థాయి సింగిల్ సీటర్ రేసింగ్ అంతా కలగాపులగం. సింగిల్ సీటర్ అంటే తెలుసుగా, ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే ఎఫ్1 టైప్ కారు. ఒక దేశంలో ఫార్ములా ఫోర్డ్, ఇంకో దేశంలో ఫార్ములా రెనో, ఇలా కార్లు వేరు, రూల్స్ వేరు, ఖర్చు వేరు. కార్టింగ్ నుంచి బయటికొచ్చిన పిల్లాడు ఎటు వెళ్ళాలో వాళ్ళ నాన్నకి కూడా అర్థమయ్యేది కాదు. అప్పుడు ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్ఐఏ ఒక ప్లాన్ వేసింది. దీనికి ముందు నిలబడింది మాజీ ఎఫ్1 డ్రైవర్ గెర్హార్డ్ బెర్గర్. రూల్ బుక్ ఎఫ్ఐఏది, నడిపేది ఆయా దేశాల ఫెడరేషన్. మాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, స్పెసిఫికేషన్ ఒకటే, ఇంప్లిమెంటేషన్ ఎవరిది వాళ్ళది.

2014లో ఇటలీలో ఎఫ్4 మొదలైంది. అక్కడ మొదటి చాంపియన్ లాన్స్ స్ట్రోల్, ఇప్పుడు ఆస్టన్ మార్టిన్‌లో ఉన్నవాడే. బ్రిటన్‌లో 2015లో మొదలైంది. అక్కడ ఫస్ట్ చాంపియన్ లాండో నోరిస్, 2025 వరల్డ్ చాంపియన్. బ్రిటన్ వాళ్ళు ఇంకో తెలివైన పని చేశారు. 1967 నుంచి నడుస్తున్న ఫార్ములా ఫోర్డ్ వాళ్ళకి ఉంది కదా, దాని స్థానంలోనే దీన్ని పెట్టారు. అందుకే మొదటి తరం బ్రిటిష్ ఎఫ్4 కారులో ఫోర్డ్ ఇకోబూస్ట్ 1.6 లీటర్ల టర్బో ఇంజన్ ఉండేది. ఛాసిస్ ఫ్రాన్స్‌కి చెందిన మిగేల్ కంపెనీది. పవర్ 160 హార్స్‌పవర్ దగ్గర.

160 అంటే ఎస్‌యూవీ పవరే కదా అనుకుంటారు. నిజమే. కానీ ఎస్‌యూవీ బరువెంత, దీని బరువెంత! మనిషి నేలకి జానెడు ఎత్తులో కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు కూర్చుంటాడు. బాడీ కార్బన్ ఫైబర్. ఏబీఎస్ లేదు, ట్రాక్షన్ కంట్రోల్ లేదు. స్పీడు 200 దాటుతుంది. దీన్ని నడిపేవాడికి 15 ఏళ్ళు ఉంటే చాలు. 2017 సీజన్లో పియాస్ట్రీకి 16. బ్రిటన్‌లో రోడ్డు మీద కారు నడపడం నేర్చుకోవాలన్నా 17 నిండాలి. అంటే సిల్వర్‌స్టోన్‌లో రేస్ ఆడొచ్చు, ఆ తర్వాత సూపర్‌మార్కెట్‌కి మాత్రం ఎవరో ఒకరు దింపాలి!

ఇక్కడ పిల్లలు అసలు ఏం నేర్చుకుంటారో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే నాకు ఈ భాగం చాలా ఇష్టం. కార్ట్‌కి సస్పెన్షన్ ఉండదు, రెక్కలు ఉండవు. ఎఫ్4 కారుకి ముందూ వెనకా వింగ్స్ ఉంటాయి. స్పీడులో గాలి కారుని కిందకి నొక్కుతుంది, దాన్ని డౌన్‌ఫోర్స్ అంటారు. అందుకని ఎక్కువ స్పీడులో ఉన్నప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కొచ్చు, టైరు జారదు. కానీ స్పీడు తగ్గేకొద్దీ ఆ గాలి నొక్కుడు కూడా తగ్గిపోతుంది. అదే బలంతో తొక్కి ఉంచితే చక్రం లాక్ అయి పొగ వస్తుంది. కాబట్టి మొదట కాలు మొత్తం బలంతో దించాలి, తర్వాత మూల తిరుగుతూ మెల్లగా, వేలితో రెగ్యులేటర్ తగ్గించినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఇది ప్రతి మూలకీ వేరు. వాన పడితే మళ్ళీ మొత్తం వేరు.

ఇది ఎలా నేర్చుకుంటారు? డేటాతో. కారులో ఒక లాగర్ ఉంటుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కాడు, బ్రేక్ ప్రెషర్ ఎంత, స్టీరింగ్ ఎన్ని డిగ్రీలు తిప్పాడు, అన్నీ రికార్డ్ అవుతాయి. సెషన్ అయ్యాక ఇంజనీర్ లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, ఆ పిల్లాడి గ్రాఫ్ మీద టీమ్‌మేట్ గ్రాఫ్ పెడతాడు. మనం కోడ్‌లో పాత వెర్షన్, కొత్త వెర్షన్ పక్కపక్కన పెట్టి తేడా చూస్తాం కదా, అచ్చం అదే. "ఇదిగో ఇక్కడ నువ్వు ఐదు మీటర్లు ముందే బ్రేక్ తొక్కావు, అక్కడే టైమ్ పోయింది" అని చూపిస్తారు. కార్లు ఒకే రకం కాబట్టి ఆ తేడాలో ఎక్కువ భాగం డ్రైవర్‌దే. ఎఫ్1లో కారు బాగోలేదు అనే సాకు ఉంటుంది. ఇక్కడ ఆ సాకు పెద్దగా పనిచెయ్యదు. పెద్ద టీమ్‌ల స్కౌట్లు ఎఫ్4 చూసేది అందుకే.

అన్నీ సమానమే కదా, మరి డబ్బు ఎక్కడ దూరుతుంది? దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. ఒకప్పుడు ఎంసెట్ పేపర్ అందరికీ ఒకటే ఉండేది. మూడు గంటలు కూడా అందరికీ ఒకటే. కానీ ఆ మూడు గంటల ముందు రెండేళ్ళు ఎవరు ఎక్కడ చదివారు, ఎన్ని మాక్ టెస్టులు రాశారు అనేది ఒకటి కాదు. ఎఫ్4 కూడా అంతే. రేసులో కార్లు సమానం. రేసు ముందు టెస్టింగ్ రోజులు సమానం కావు. టెస్టింగ్ అంటే ట్రాక్ అద్దె, టైర్లు, మెకానిక్‌లు, ఇంజనీర్, పెట్రోలు. ఒకే సీజన్లో టెస్టులని రూల్స్‌తో కట్టడి చేసినా, సీజన్ ముందు వేరే సిరీస్‌లో ఆడి రావచ్చు, సిమ్యులేటర్ మీద గంటలు కొనొచ్చు, మంచి టీమ్‌లో సీటు కొనొచ్చు. అవును, ఈ స్థాయిలో సీటు అంటే డ్రైవర్‌కి జీతం కాదు, డ్రైవరే టీమ్‌కి కట్టాలి. గోడకి గుద్దితే రిపేర్ బిల్లు కూడా మామూలుగా ఇంటికే వస్తుంది.

మొదట్లో ఎఫ్ఐఏ అనుకున్న లెక్క ఏంటంటే, ఒక సీజన్ మొత్తం లక్ష యూరోల్లోపు అయిపోవాలి. అప్పటి రేటులో సుమారు 80 లక్షల రూపాయలు. అదే ఎక్కువ అనిపిస్తుంది మనకి. కానీ బ్రిటన్, ఇటలీ లాంటి చోట్ల మంచి టీమ్ అంటే తర్వాతి రోజుల్లో దానికి రెండు మూడు రెట్లు దాటిపోయింది. కారు ధర మీద లిమిట్ పెట్టగలరు, ఇంజన్ ధర మీద పెట్టగలరు. పక్కవాడి కంటే ఒక్క రోజు ఎక్కువ ప్రాక్టీస్ చెయ్యాలనే తండ్రి ఆశ మీద లిమిట్ ఎవరు పెడతారు?

ఇప్పుడు 2017కి వద్దాం. మొత్తం 10 వారాంతాలు, వారాంతానికి 3 రేసులు, అంటే 30 రేసులు. ఎఫ్1లాగా సొంత వేదిక కాదు, బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్‌కి సపోర్ట్ రేసులుగా నడుస్తాయి. టూరింగ్ కార్ల కోసం స్టాండ్స్ నిండిపోతాయి కాబట్టి ఈ పిల్లలకి జనం ముందు, టీవీ కెమెరా ముందు ఆడే అలవాటు వస్తుంది. బ్రాండ్స్ హాచ్, థ్రక్స్‌టన్, నాక్‌హిల్, సిల్వర్‌స్టోన్ ఇలా దేశమంతా తిరుగుతారు.

రెండో వారాంతం డానింగ్టన్ పార్క్. ఏప్రిల్ 16, ఈస్టర్ ఆదివారం. జేహెచ్ఆర్ టీమ్‌లో బిల్లీ మోంగర్ అనే కుర్రాడు, వయసు 17. రేసులో కార్ల గుంపు వెళ్తోంది. ముందు ఒక కారు ట్రాక్ మీద దాదాపు ఆగిపోయి ఉంది. బిల్లీ ముందున్న కార్లు ఆఖరి క్షణంలో పక్కకి తప్పుకున్నాయి. వాటి వెనకున్న బిల్లీకి ఆగిన కారు కనపడేసరికి దూరం లేదు. నేరుగా వెనక నుంచి గుద్దేశాడు. కారులోంచి బయటికి తియ్యడానికే గంట దాటింది. హెలికాప్టర్‌లో నాటింగ్‌హామ్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు కాళ్ళూ తీసెయ్యాల్సి వచ్చింది.

అతని టీమ్ ఆన్‌లైన్‌లో సాయం అడిగితే కొన్ని రోజుల్లోనే 5 లక్షల పౌండ్లు దాటింది. ఎఫ్1 డ్రైవర్లు కూడా ముందుకొచ్చారు. కానీ నాకు ఇందులో ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఆ తర్వాతి ఘట్టం. కాళ్ళు లేనివాళ్ళు అంతర్జాతీయ సింగిల్ సీటర్లలో ఆడకూడదని అప్పటికి ఎఫ్ఐఏ రూల్ ఉంది. బిల్లీ దాని మీద అప్పీల్ చేసి, ఆ ఏడాది చివరికల్లా రూల్ మార్పించాడు. 2018లో చేతితో నడిపే కంట్రోల్స్ పెట్టిన కారుతో బ్రిటిష్ ఎఫ్3లోకి వచ్చాడు. ఔల్టన్ పార్క్‌లో తిరిగొచ్చిన తొలి రేసులోనే మూడో స్థానం. ప్రమాదం జరిగి ఏడాది కూడా నిండలేదు! 2019లో ఫ్రాన్స్‌లో పావ్ గ్రాండ్ ప్రి గెలిచాడు. 2024లో హవాయిలో ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్ పూర్తి చేశాడు.

"పిల్లల రేసింగ్" అనే మాట విని తేలిగ్గా తీసుకునేవాళ్ళకి నేను ఈ సంగతే చెప్తా. స్పీడు ఎఫ్1 కంటే తక్కువ కావచ్చు, అనుభవం కూడా తక్కువే, కార్లేమో గుంపుగా ఉంటాయి. తర్వాతి తరం ఎఫ్4 కార్లలో ముందు భాగం, పక్క భాగాల రక్షణ పెంచారు, తల మీద హేలో పెట్టారు. బ్రిటన్‌లో 2022 నుంచి వాడుతున్నది ఆ కొత్త తరం కారే, ఇటలీ కంపెనీ టాటూస్ తయారుచేసింది, ఇంజన్ అబార్త్.

సరే, ఆ సీజన్ ముగిసింది. జేమీ కారొలైన్ ఫస్ట్, పియాస్ట్రీ సెకండ్, సార్జెంట్ థర్డ్. ఎఫ్1 ఆడాలంటే సూపర్ లైసెన్స్ కావాలి, దానికి మూడు సీజన్లలో 40 పాయింట్లు కూడబెట్టాలి. 17 ఏళ్ళకే మాక్స్ వెర్‌స్టాపెన్ ఎఫ్1లోకి వచ్చేసరికి ఎఫ్ఐఏ కంగారుపడి తెచ్చిన రూల్ ఇది. ఎఫ్4 చాంపియన్‌కి 12, రెండో స్థానానికి 10, మూడో స్థానానికి 7. అంటే కాగితం మీద జేమీయే ముందున్నాడు.

కానీ ఆ 12 పాయింట్లతో పాటు పై మెట్టులో సీటు రాదు. పై మెట్టు అంటే ఫార్ములా రెనో లేదా రీజనల్ స్థాయి, దాని తర్వాత ఎఫ్ఐఏ ఎఫ్3, ఎఫ్2. ప్రతి మెట్టుకీ బిల్లు పెరుగుతుంది. జేమీకి సింగిల్ సీటర్లలో పూర్తి సీజన్‌కి సరిపడా బడ్జెట్ దొరకలేదు. అక్కడక్కడా కొన్ని రేసులు ఆడి జీటీ కార్ల వైపు వెళ్ళిపోయాడు. అక్కడా ఊరికే ఉండలేదు, 2020లో పార్ట్‌నర్‌తో కలిసి బ్రిటిష్ జీటీ4 టైటిల్ గెలిచాడు. అంటే టాలెంట్ ఎక్కడికీ పోలేదన్నమాట.

పియాస్ట్రీ సంగతి చూడండి. మెల్‌బోర్న్ కుర్రాడు, రేసింగ్ కోసం చిన్నప్పుడే ఇంగ్లండ్‌లో బోర్డింగ్ స్కూల్లో చేరాడు. వాళ్ళ నాన్న క్రిస్ పియాస్ట్రీ హెచ్‌పీ ట్యూనర్స్ అనే కంపెనీ సహ వ్యవస్థాపకుడు, కారు ఇంజన్ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలు కూడా ఎఫ్1కి వెళ్ళొచ్చు అన్నమాట, కంపెనీ మనదై ఉండాలి అంతే! జోక్ పక్కన పెడితే, అతనికి దొరికిన అవకాశాన్ని అతను వృథా చెయ్యలేదు. 2019లో ఫార్ములా రెనో యూరోకప్, 2020లో ఎఫ్3, 2021లో ఎఫ్2, వరసగా మూడు టైటిల్స్. డబ్బుతో సీటు కొనొచ్చు, ఆ వరస కొనలేరు. ఈ రెండు మాటలూ నిజమే, ఒకటి చెప్పి ఒకటి దాచేవాళ్ళని నమ్మకండి.

మూడో వాడు సార్జెంట్, అమెరికన్. 2020 ఎఫ్3లో ఆఖరి రేసుకి ముందు అతనూ పియాస్ట్రీ సమాన పాయింట్లతో ఉన్నారు. అంత దగ్గర. తర్వాతి ఏడాది ఎఫ్2కి వెళ్ళడానికి బడ్జెట్ కుదరక ఎఫ్3లోనే, చిన్న టీమ్‌లో మిగిలాడు. తర్వాత విలియమ్స్ చెయ్యి పట్టుకుంది, 2023లో ఎఫ్1కి వచ్చాడు, 2024 మధ్యలో సీటు పోయింది. అదే 2017 గ్రిడ్‌లో లైనస్ లుండ్‌క్విస్ట్ అనే స్వీడన్ కుర్రాడు కూడా ఉన్నాడు. అతను 2022లో అమెరికాలో ఇండీ లైట్స్ చాంపియన్ అయ్యాడు, అయినా 2023లో ఇండీకార్‌లో ఫుల్‌టైమ్ సీటు దొరకలేదు. 2024లో దొరికింది, బెస్ట్ రూకీ అయ్యాడు, ఆ ఏడాది చివర్లో మళ్ళీ సీటు లేదు. వింటుంటే ప్రాజెక్ట్ అయిపోగానే బెంచ్ మీద కూర్చోబెట్టినట్టు లేదూ?

మన సంగతి ఏంటి అంటారా? ఇండియాలో కూడా ఎఫ్4 ఉంది. 2023లో మొదలైంది. మిగేల్ కారు, ఆల్పైన్ ఇంజన్. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే ప్రధాన వేదికలు. 2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రోడ్ల మీద రాత్రి లైట్లలో కూడా ఆడారు. 2022లో హుస్సేన్ సాగర్ చుట్టూ ఇండియన్ రేసింగ్ లీగ్ జరిగింది గుర్తుందా, ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకున్నవాళ్ళకి బాగా గుర్తుంటుంది, ఆ లీగ్ నడిపే సంస్థే ఎఫ్4 కూడా నడుపుతుంది. ఆ లీగ్‌లో హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ టీమ్‌ని 2024లో నాగ చైతన్య తీసుకున్నారు. ఆ ఏడాది ఇండియన్ ఎఫ్4 చాంపియన్ కూడా ఆ టీమ్ డ్రైవరే, పేరు అకీల్ అలీభాయ్, దక్షిణాఫ్రికా కుర్రాడు. అంతకుముందు 2023 చాంపియన్ కూపర్ వెబ్‌స్టర్, ఆస్ట్రేలియా.

"మన చాంపియన్‌షిప్‌లో బయటివాళ్ళు గెలవడమేంటి" అని కొంతమంది అంటున్నారు. నేను ఒప్పుకోను. బ్రిటిష్ ఎఫ్4లో పియాస్ట్రీ బయటివాడే, సార్జెంట్ బయటివాడే. పక్క గ్రాఫ్ గట్టిగా ఉంటేనే మన గ్రాఫ్‌లో తప్పు కనపడుతుంది. మన పిల్లాడు ప్రపంచంలో ఎక్కడున్నాడో ఇంట్లోనే తెలుస్తుంది. ఇంతకుముందు దానికి 14, 15 ఏళ్ళకే యూరప్ విమానం ఎక్కాల్సి వచ్చేది. కుష్ మైనీ 2016లో ఇటాలియన్ ఎఫ్4 ఆడాడు, అక్కడి నుంచి మెట్టు మెట్టు ఎక్కి 2025లో మొనాకోలో ఎఫ్2 స్ప్రింట్ రేస్ గెలిచాడు. అయినా 2012లో నరేన్ కార్తికేయన్ తర్వాత ఎఫ్1 రేసులో మన డ్రైవర్ ఎవరూ స్టార్ట్ లైన్ మీద లేరు.

ఇండియన్ ఎఫ్4 వల్ల మొదటి మెట్టు దగ్గరికొచ్చింది. రెండో మెట్టు, మూడో మెట్టు ఇంకా అంత దూరంలోనే ఉన్నాయి. అక్కడికి ఎక్కించే స్పాన్సర్ దొరకకపోతే, జేమీకి జరిగిందే కోయంబత్తూరులో గెలిచిన పిల్లాడికి కూడా జరుగుతుంది.

ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో తమ్ముడో చెల్లో కార్టింగ్‌లో సీరియస్‌గా ఉంటే, ఏ ఎఫ్4 టీమ్‌కైనా డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడగండి. ఆ ప్యాకేజ్‌లో టెస్టింగ్ రోజులు ఎన్ని. యాక్సిడెంట్ అయితే బిల్లు ఎవరిది, దానికి పరిమితి ఉందా. సెషన్ తర్వాత టీమ్‌మేట్ డేటా పూర్తిగా చూపిస్తారా లేదా. మూడోదానికి "చూద్దాంలే" అని సమాధానం వస్తే ఇంకో టీమ్‌కి ఫోన్ చెయ్యండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో సూపర్ లైసెన్స్ పాయింట్ల పట్టిక మొత్తం తెరిచి చూద్దాం. ఉంటా మరి.